ఇరవై టన్నుల బలం, పదో తరగతి లెక్క



మన వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ కలెక్టర్ కావడం ఎలా, డాక్టర్ కావడం ఎలా, గ్రూప్స్‌కు ఎలా చదవాలి అనే వ్యాసాలు వస్తుంటాయి. రావాలి కూడా. మేము కూడా అవి చదివే పీజీ దాకా వచ్చాం. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అయితే ఈసారి ఆ దారి కాస్త పక్కన పెట్టి, ఒక ఇనుప యంత్రం గురించి రాస్తున్నాం. దాని పేరు హైడ్రాలిక్ ప్రెస్సు. షెడ్డులో సొంతంగా చేసుకునేది.

మన ఊరి పేరు వాల్మీకిపురం అయినా నోట్లో మాత్రం ఇంకా వాయల్పాడే. ఈ వాయల్పాడు నుంచి ఇటు మదనపల్లె దాకా, అటు పీలేరు దాకా రోడ్డు పక్కన ఎన్ని షెడ్డులున్నాయో బస్సులో పోతూ లెక్కపెట్టి చూడండి. ట్రాక్టర్ షెడ్డు, లారీ షెడ్డు, లేత్ షెడ్డు, మోటార్లు చుట్టే షెడ్డు. టమోటా లారీలు మదనపల్లె మార్కెట్టుకు తిరిగినంత కాలం వీటికి పని ఉంటుంది. వెయ్యి అడుగుల లోతుకు బోరు వేసే ఊళ్లలో నీళ్ల మోటారు కాలినప్పుడల్లా ఉంటుంది. ఆ పనిలో సగం ఏమిటంటే బిగుసుకున్నదాన్ని ఊడదీయడం, వదులుగా ఉన్నదాన్ని బిగించడం. బేరింగు, బుష్షు, పిన్ను, షాఫ్టు. వీటిని ఊడదీసేది ఎవరు? మనతో పాటు ఇదే హాలులో పడుకుని, పదో తరగతి తప్పో, ఇంట్లో గడవకో మానేసిన మన స్నేహితులే. దేనితో ఊడదీస్తారు? సుత్తితో.

బేరింగు ఉక్కు మామూలు ఇనుము కాదు. బాగా కాచి గట్టిపరిచింది. సుత్తి దెబ్బకు వంగదు, పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మాతో చదివిన ఒకతని కంటిలో అలాంటి పెచ్చే పడింది. ఇప్పుడతను ఒక కన్నుతోనే లారీల కింద దూరుతున్నాడు. ఆ షెడ్డు పేరు ఇక్కడ అవసరం లేదు, అన్ని షెడ్డుల్లోనూ పని అలాగే జరుగుతోంది.

ప్రెస్సు ఉంటే సుత్తి అక్కరలేదు. మెల్లగా, నిటారుగా నొక్కితే చాలు, బుష్షు దానంతట అదే జారుతుంది. కానీ కంపెనీ ప్రెస్సు కొనాలంటే చిన్న షెడ్డువాళ్లకు చాలా బరువు. అందుకే మన అన్నలు కొందరు పాత ఇనుము అంగడిలో ఛానళ్లు ఏరుకొచ్చి సొంతంగా చేసుకుంటున్నారు. రెండు నిలువు కాళ్లు, పైన ఒక దూలం, కింద పిన్నుల మీద ఆనే ఒక మంచం, మధ్యలో ఒక ఇరవై టన్నుల బాటిల్ జాకీ. జాకీని తలకిందులుగా బిగిస్తే లోపలి నూనె పంపుకు అందదు, నొక్కినా పని చేయదు. అందుకని పైకీ కిందికీ జారే ఒక అడ్డ దూలం చేసి, దాని మీద జాకీని నిలబెడతారు. జాకీ తల పై దూలాన్ని తన్నుతుంది, అది కదలదు కాబట్టి జాకీయే తన కింది దూలంతో సహా దిగుతుంది. నొక్కడం అయ్యాక వాల్వు వదిలితే, పక్కన కట్టిన రెండు స్ప్రింగులు దూలాన్ని మళ్లీ పైకి లాగుతాయి. స్ప్రింగులకు పాత బండి స్టాండు స్ప్రింగులు వాడినవాళ్లను చూశాం. బాగానే పనిచేస్తున్నాయి.

ఇందులో ఉన్నది మనం బట్టీ పట్టిన పాస్కల్ సూత్రమే. జాకీ లోపల చిన్న పంపు పిస్టన్ 12 మిల్లీమీటర్లు, పెద్దది 60 మిల్లీమీటర్లు అనుకోండి. వ్యాసం ఐదు రెట్లు, కాబట్టి వైశాల్యం ఇరవై ఐదు రెట్లు. పిడి పొడవు వల్ల మరో ఇరవై రెట్లు వస్తుందనుకుంటే, చేత్తో 40 కిలోల బలం వేసినవాడు 20 టన్నులు నొక్కుతున్నట్టు. రాపిడికి పోయేది కొంత తీసేయాలి. ఊరికే ఏదీ రాదు, పంపు 25 మిల్లీమీటర్లు దిగితే పెద్దది ఒక్క మిల్లీమీటరే లేస్తుంది. ఈ లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనలో ఎందరో ఉన్నాం. జాకీని విప్పి చూసినవాళ్లు ఎందరు?

ఈ యంత్రం వెనుక కథ కూడా చెప్పాలి. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే ఆయన 1795లో దీనికి పేటెంటు పొందాడు. ఆయన మొదట వడ్రంగి పని నేర్చినవాడు. యంత్రం చేశాడు గానీ పిస్టన్ పక్క నుంచి నీళ్లు చిమ్మేవి. గట్టిగా బిగిస్తే పిస్టన్ కదలదు, వదులు చేస్తే నీళ్లు కారతాయి. చివరికి దాన్ని ఆపింది ఒక తోలు పట్టీ. ఒత్తిడి పెరిగేకొద్దీ తనంతట తానే విచ్చుకుని గోడకు అతుక్కునే తోలు గిన్నె. ఆ ఆలోచన ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే అనే పనివాడిదని అంటారు. మాలో కొందరి తాతలు కపిల బావులకు తోలు బానలు కుట్టినవాళ్లు. నీళ్లకు తోలు ఎలా వంగుతుందో, ఎక్కడ కారుతుందో వాళ్ల వేళ్లకు తెలుసు. మేము చదివిన పాఠంలో సూత్రం ఉంది, బొమ్మ ఉంది. ఆ తోలు ముక్క ఉన్నట్టు మాత్రం మాకు గుర్తు లేదు.

ఇప్పుడు మా అసలు అభిప్రాయానికి వస్తాం. ఇలాంటివి చేసినవాళ్ల గురించి పేపర్లో రాసేటప్పుడు ‘చదువు లేకపోయినా అద్భుతం’ అంటారు. ఆ మాట మాకు నచ్చదు. చదువు లేకపోవడం గొప్పేమీ కాదు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి చేతినొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు. అది 1999లో పూర్తయింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బడి మధ్యలోనే ఆగిపోయిన ఆయనకు ఆ యంత్రం చేయడానికి ఏళ్లు పట్టింది. మోటార్ల గురించి, గేర్ల గురించి చెప్పేవాళ్లు మొదటే పక్కన ఉండుంటే ఆ తల్లికి ఎన్ని ఏళ్ల నొప్పి తగ్గేదో ఆలోచించండి.

ప్రెస్సు విషయంలో చదువు లేకపోతే నష్టం ఇంకా పెద్దది. కింది మంచం రెండు పిన్నుల మీద ఆనుతుంది. 20 టన్నుల్లో ఒక్కో పిన్ను మీద పది. ఒక్కో పిన్ను రెండు చోట్ల కోతకు గురవుతుంది కాబట్టి ఒక్కో చోట ఐదు టన్నులు. చేతికి దొరికిందని 20 మిల్లీమీటర్ల కడ్డీ వేశారనుకోండి. దాని వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 1,600 కిలోలు. మామూలు మెత్తని ఉక్కు కోతలో 1,450 దగ్గరే లొంగిపోతుంది. 25 మిల్లీమీటర్లు వేస్తే వెయ్యికి కొంచెం పైన, అంటే గట్టున నిలబడినట్టే. 32 వేస్తే 620 దగ్గర ఆగుతుంది, గుండె మీద చెయ్యి వేసుకుని నొక్కవచ్చు. వృత్త వైశాల్యం తెలిసిన ఏ తొమ్మిదో తరగతి తమ్ముడైనా వేయగల లెక్క ఇది. మేము చూసిన ఒక ప్రెస్సుకు 20 మిల్లీమీటర్ల పిన్నులే ఉన్నాయి. చేసిన అన్న పనితనం చూస్తే ముచ్చటేసింది, వెల్డింగు పూసలు గుచ్చినట్టుంది. పిన్నులు మాత్రం అప్పటికే కొద్దిగా వంగి ఉన్నాయి. మేము కాగితం మీద లెక్క వేసి చూపిస్తే, ఆయన మమ్మల్ని ఒకటే అడిగాడు: ‘‘ఇంత చిన్న లెక్కా? ఇది నాకు ఎవురూ చెప్పలేదే!’’

ఆయన పదో తరగతి లెక్కల్లోనే తప్పి బడి మానేశాడు.

మా సీనియర్లలో ఒక అన్న ఈ మాట వినగానే కోప్పడ్డాడు. ‘‘మన నాయనలు చేతి పనిలో అరిగిపోయినారు. దాని నుంచి బయటపడేదానికే గదా ఈ హాస్టల్. మళ్లీ పిల్లోళ్ల చేతికి సుత్తి ఇస్తారా?’’ అన్నాడు. ఆ కోపంలో నిజం ఉంది. మన పిల్లలు కనబడగానే ‘మీకు ఐటీఐ చాలులే’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట అనేవాళ్లు తమ పిల్లలను అక్కడికి పంపరు. అందుకని ఈ గది చదువుకు బదులుగా అయితే మేమే వద్దంటాం. కానీ మన వాళ్లు అరిగిపోయింది పని వల్ల మాత్రమే కాదు. లెక్క ఒకరి దగ్గర, సుత్తి ఇంకొకరి దగ్గర ఉండిపోవడం వల్ల. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ తీసుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రంలో, ఉద్యోగాలు, పై చదువులతో పాటు సాంకేతిక శిక్షణ కూడా అడిగారు. మన పిల్లలను ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌లుగా తీసుకోవాలన్నారు. కొలంబియాలో, లండన్‌లో చదివిన మనిషికి వర్క్‌షాపు తక్కువగా కనిపించలేదు. రైలు చక్రాన్ని ఇరుసుకు ఎక్కించేది కూడా ప్రెస్సే. చక్రం రంధ్రాన్ని ఇరుసు కన్నా వెంట్రుక వాసి తక్కువగా తీసి, టన్నుల బలంతో నొక్కి, ఎంత ఒత్తిడి పడిందో గ్రాఫు గీసి దాస్తారు. ఆ గ్రాఫు చదవగలిగిన చేయి, ఆ మీట తిప్పగలిగిన చేయి రెండూ ఒకటే కావాలని మా కోరిక.

కాబట్టి హాస్టల్ పెద్దలను, పూర్వ విద్యార్థులను మేము అడిగేది ఇది. వెనక వైపు విరిగిన మంచాలు వేసిన గది ఉంది కదా, దాన్ని ఖాళీ చేయించండి. ఒక బెంచి వైసు, ఒక డ్రిల్లు, స్పానర్ల సెట్టు, వెర్నియర్ కాలిపర్స్ (ల్యాబులో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేది కాదు), కళ్లద్దాలు పది జతలు. వెల్డింగు మొదటి ఏడాది వద్దు. మంచాల కాళ్లు, ట్రంకు పెట్టెల కీళ్లు బాగుచేసుకోవడంతో మొదలవ్వాలి. ప్రెస్సు తర్వాత చూద్దాం. అదీ లెక్క ముందు కాగితం మీద వేసి, సైన్సు సారు సంతకం పెట్టాకే. నొక్కేటప్పుడు ముందు ఒక రేకు అడ్డం ఉండాలి. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు బేరింగు లోపలి రింగునే నొక్కాలి, గూటిలోకి దింపేటప్పుడు బయటి రింగునే. ఇది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి. బాలికల హాస్టల్‌కు కూడా ఇలాంటి గదే కావాలి. వాళ్లకు కుట్టుమిషన్ ఇచ్చి సరిపెట్టవద్దు.

మేము పైన చెప్పిన అన్న తన పిన్నులు మార్చుకున్నాడు, 32 మిల్లీమీటర్లవి. మన పిల్లలు వస్తే చూపిస్తానన్నాడు. ఆదివారం పొద్దున పని తక్కువగా ఉంటుందట, ఒకసారికి ఎనిమిది మంది కన్నా ఎక్కువ వద్దన్నాడు. రావాలనుకునే తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు వార్డెన్ సారు దగ్గర పేర్లు ఇవ్వండి. చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకుని రండి. పాస్కల్ పాఠం చదివి రండి, ఆయన ప్రశ్నలు అడుగుతాడు.