కొలత తీసుకోని ప్రేమ

ఈ ఏడాది జనవరి మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక మేము ఒక చిన్న తీర్మానం చేసుకున్నాం. నెలకొక్క బట్ట మా చేతులతో కుట్టాలి. డిసెంబరు నాటికి పన్నెండు కావాలి. వాటిలో ఒక్కటి కూడా మా ఇంట్లో మిగలకూడదు. యాభై దాటిన వయసులో, బైబిలు, కలం తప్ప మరో పనిముట్టు ఎరుగని చేతులకు ఇది తేలికైన పని కాదు. మా శ్రీమతి పాత కాలిమిషన్ ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించడం దగ్గర మొదలుపెట్టాం. తొమ్మిది నెలలు గడిచాయి. పాఠకులకు లెక్క అప్పజెప్పడం మంచిదనిపించింది.

లెక్క ఇది: తొమ్మిది కావలసిన చోట ఆరు పూర్తయ్యాయి. ఏప్రిల్‌లో ఈస్టరు పనులతోను, ఆగస్టులో సంఘంలో వరుసగా వచ్చిన మరణాలతోను మిషన్ దగ్గర కూర్చోలేదు. మూడోది కుట్టాం గాని, లెక్కలోంచి మేమే కొట్టివేశాం. ఈ వారం చెప్పదలచుకున్నది ఆ కొట్టివేత గురించే.

మేముండేది శంషాబాద్‌లో. 2008 మార్చిలో ఇక్కడ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతం రూపే మారిపోయింది. బెంగళూరు రహదారి పక్కన, ఔటర్ రింగ్ రోడ్డు వెంట కట్టడాలు లేస్తూనే ఉన్నాయి. వాటిని కట్టేవారు పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి వస్తారు. రేకుల షెడ్లలో ఉంటారు. పని ముగియగానే మరోచోటికి వెళ్లిపోతారు. విమానం తల మీదుగా పోతుంటే ఆ షెడ్ల ముందున్న పిల్లలు కేకలు వేస్తూ చేతులూపుతారు. ఆ పిల్లల కోసమే మా తీర్మానం.

మార్చిలో ఒక గౌను కుట్టాం. నీలం రంగు కట్ పీస్, నడుము దగ్గర కుచ్చులు, మెడకు తెల్లపట్టీ. నెలాఖరు ముంచుకొస్తోంది కాబట్టి టేపు పట్టుకుని ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఐదారేళ్ల పిల్లకు ఈ మాత్రం చాలులే అని అంచనాతో కత్తిరించాం. ముప్పయ్యో తేదీ సాయంత్రం ఒక షెడ్డు దగ్గరికి తీసుకువెళ్లి ఇచ్చాం. తల్లి రెండు చేతులా అందుకుంది. ఇంటికి వచ్చి క్యాలెండరులో మార్చి పక్కన టిక్కు పెట్టుకుని తృప్తిగా నిద్రపోయాం.

ఈస్టరు దాటాక మళ్లీ అటు వెళ్తే ఆ పాప పాత చొక్కాలోనే ఉంది. గౌను ఏదని అడిగితే తల్లి నొచ్చుకుంటూ చెప్పింది: "మంచిగనే ఉంది అయ్యగారూ. గానీ చంకల కాడ పట్టేస్తుంది. పిల్లకు చెయ్యి పైకి లేస్తలేదు." విమానానికి చెయ్యి ఊపే పిల్లకు చెయ్యి లేవని గౌను ఇచ్చి, మేము టిక్కు పెట్టుకున్నాం!

ఆ రాత్రి అపొస్తలుల కార్యముల తొమ్మిదవ అధ్యాయం తెరిచాం. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను పేతురుకు చూపించారు. చూపించారన్న మాటకు గ్రీకు మూలంలో వాడిన రూపాన్ని బట్టి, ఆ వస్త్రాలు అప్పుడు వారి ఒంటి మీదే ఉన్నాయని కొందరు వ్యాఖ్యాతలు భావిస్తారు. ఆమె ఎన్ని కుట్టిందో లూకా రాయలేదు. ఆమె వారితో కూడ ఉన్న రోజుల్లో కుట్టిందని మాత్రం రాశాడు. ఎన్నో ఏళ్లుగా ఈ వాక్యభాగం మీద ప్రసంగిస్తున్నాం గాని, "వారితో కూడ" అన్న మాట దగ్గర మేము ఎన్నడూ ఆగలేదు. దొర్కాకు ఆ విధవరాండ్ర భుజాల వెడల్పు తెలుసు. మాకు ఆ పాప పేరు కూడా తెలియదు.

హన్నా సంగతి కూడా అంతే. బాలుడైన సమూయేలుకు ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేది (1 సమూ. 2:19). పెరిగే పిల్లవాడికి నిరుటి కొలత పనికిరాదు. కొడుకు ఏడాదిపాటు కళ్లెదుట లేకపోయినా, ఇప్పటికి ఇంత ఎత్తు అయి ఉంటాడని తల్లి మనసులో కొలుచుకుంటూనే ఉండాలి. ఆ అంగీలో గుడ్డ కంటే జ్ఞాపకమే ఎక్కువ.

మర్నాడు తల్లిని అడిగి గౌను వెనక్కి తెచ్చుకున్నాం. టేపుతో పాప కొలతలు తీసుకున్నాం, పేరు కూడా అడిగాం. మా సంఘంలో కుట్టుపని చేసుకునే ఒక సహోదరి ఉంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాల కుట్టుపనిని మహిళా సంఘాలకు అప్పగించినప్పటి నుంచి, బడులు తెరిచే రోజుల్లో ఆమెకు తీరిక ఉండదు. అయినా కూర్చుని నేర్పింది. "పెరిగే పిల్లలకు లోపల మడత ఎక్కువ వదలాలి అయ్యగారూ," అంది. మేము అసలేమీ వదల్లేదు. చంకల దగ్గర ఒక్కొక్క కుట్టే విప్పి, అదే రంగు ముక్కలు అతికాం. కుట్టడానికి పట్టిన సమయం కంటే విప్పడానికే ఎక్కువ పట్టింది. పశ్చాత్తాపం గురించి మేము చేసిన ప్రసంగాలన్నిటి కంటే ఆ రెండు సాయంత్రాలు మాకు ఎక్కువ నేర్పాయి. తప్పు పోయిన చోటికి తిరిగి వెళ్లాలి. అక్కడే కుట్టు విప్పాలి. మార్చి టిక్కు కొట్టివేసి, ఆ గౌనును మే నెల లెక్కలో రాసుకున్నాం.

"రెడీమేడ్ బట్టలు చవకగా దొరుకుతుంటే ఈ శ్రమంతా ఎందుకండీ?" అని కొందరు అడుగుతున్నారు. కొనివ్వడమూ మంచిదే. యంత్రాలను విమర్శించిన గాంధీజీ 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతితో కుట్టే శ్రమ చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని రూపొందించాడన్నది ఆయన చెప్పిన కారణం. బట్ట కొన్నా కుట్టినా, దాని వెనుక ఒక మనిషిని చూసిన చూపు ఉందా అన్నదే ప్రశ్న. క్రిస్మస్ దగ్గరపడుతోంది. సంఘాల్లో చీరలు, దుప్పట్లు పంచే రోజులు వస్తున్నాయి. ఎన్ని పంచామన్నది నివేదికలో రాసుకుంటాం, ఫొటోలు తీయించుకుంటాం. పుచ్చుకున్నవారి పేర్లు మనలో ఎందరికి గుర్తుంటాయి?

బైబిలులో మొదటి కుట్టుపని ఏదెను తోటలో జరిగింది. ఆదాము హవ్వలు తమ సిగ్గు దాచుకోవడానికి అంజూరపు ఆకులు కుట్టుకున్నారు (ఆది. 3:7). మా మార్చి గౌను కూడా అలాంటిదే. పేరుకు అది ఆ పాపది. నిజానికి తీర్మానం తప్పామన్న సిగ్గును కప్పుకోవడానికి మేము కుట్టుకున్న ఆకు. అదే అధ్యాయంలో దేవుడు వారికి చర్మపు చొక్కాయిలు చేసి, తానే తొడిగాడు (3:21). కాలము సంపూర్ణమైనప్పుడు ఆయన మరింత దగ్గరకు వచ్చాడు. దూరం నుంచి మన అవసరాన్ని అంచనా వేయలేదు. అన్ని విషయాలలో సహోదరుల వంటివాడై (హెబ్రీ. 2:17), మన ఆకలిని, అలసటను, కన్నీటిని తన శరీరంలోనే కొలత తీసుకున్నాడు. అందుకే ఆయన ఇచ్చే రక్షణ వస్త్రం ఎవరికీ బిగుతు కాదు.

ఇంకా మూడు నెలలున్నాయి. పన్నెండు పూర్తవుతాయో లేదో చెప్పలేం. తొందరపడబోం. టేపు మాత్రం జేబులో పెట్టుకునే తిరుగుతున్నాం. ఈ పండుగకు మీరు ఎవరికైనా ఏదైనా ఇవ్వదలిస్తే, ముందుగా ఒకసారి వారి గుమ్మం దగ్గరికి వెళ్లండి, పేరు అడగండి, కాసేపు వారితో కూర్చోండి. అక్కణ్ణుంచి వచ్చాకే కత్తెర పట్టండి.