పిల్లలు వదిలితే చేపలు రావు

చెరువులో చేప తగ్గిందంటే అందరికీ తోచే మందు ఒక్కటే: పిల్లలు వదలండి. తెలంగాణలో 2016లో ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలయ్యాక ఈ మాటకు తిరుగులేకుండా పోయింది. ఎన్ని వదిలారన్నదే లెక్క. అవి ఎక్కడ బతకాలన్న ప్రశ్న ఎవరికీ పట్టదు. కొత్తగూడ, గంగారం మండలాల అడవి వాగుల విషయంలో ఈ ఆలోచన పూర్తిగా తప్పు.

బొచ్చె, రవ్వ చెరువు నిలవనీళ్లలో గుడ్లు పెట్టవు, కాబట్టి వాటిని వదలాల్సిందే. దాన్ని నేను కాదనను. కానీ కొర్రమీను, మార్పు, జెల్ల, పరక ఎవరూ వదలకుండానే పుట్టే చేపలు. వాటికి కావాల్సింది కాలానికొక చోటు.

తొలకరి వరదకు ఇవి మడుగులు వదిలి ఎదురెక్కుతాయి. గడ్డి మునిగిన లోతులేని అంచులకు, పొలాల్లోకి చేరి గుడ్లు పెడతాయి. కొర్రమీను జమ్ము, తుంగల మధ్య కాస్త జాగా శుభ్రం చేసుకుని గుడ్లు తేలేస్తుంది. పిల్లలు నారింజరంగు ముద్దలా ఒక్కచోటే కదులుతుంటాయి, గాలికోసం పైకొచ్చి మళ్లీ మునుగుతుంటాయి. కిందే తల్లీతండ్రీ కాపలా. ఆ కాపలా చేపను గాలానికి లాగేస్తే గుంపంతా పక్షులకు, పెద్ద చేపలకు మేత.

చలికాలానికి వాగు తేటపడుతుంది. అప్పుడు కొంగ, లకుముకి కంటపడకుండా పిల్లలకు రాళ్ల సందులు, చెట్ల వేళ్లు, ఆకుచెత్త కావాలి. ఎండాకాలం వాగు తెగితే మిగిలేవి మడుగులే. గాలి పీల్చగల కొర్రమీను, మార్పు బురదలో కూడా తట్టుకుంటాయి. పరకకు నీడ ఉన్న మడుగు తప్ప దిక్కులేదు.

ఐరోపా చల్లటి నదుల్లో ట్రౌట్ చేప పిల్లలదీ ఇదే తీరు. వేసవిలో గులకరాళ్ల మీద పారే పల్చటి నీళ్లలో మేస్తాయి. చలి ముదిరితే పగలు రాళ్ల కింద దాక్కుని రాత్రి బయటికొస్తాయి. ఒక్క కాలం చూసి ఇదే వాటి చోటనుకుంటే లెక్క తప్పినట్టే.

మనం చేస్తున్నదేమిటి? మత్తడి దుంకిన రోజే ఎదురెక్కే గుడ్ల చేపను పట్టే మావులు అడ్డం పెడుతున్నాం. చేప ఎక్కే దారి వదలకుండా వాగుకు అడ్డంగా చెక్‌డ్యాములు కడుతున్నాం. పూడిక తీసేటప్పుడు అంచుల గడ్డిని, జమ్మును కూడా జేసీబీతో గీకేస్తున్నాం. ఎండల్లో చివరి మడుగులో బ్లీచింగ్ పోసో, కరెంటు పెట్టో పిల్లా పెద్దా అన్నిటినీ తేలేస్తున్నాం. తర్వాత లారీలో పిల్లలు రావాలని ఎదురుచూస్తున్నాం. వచ్చేవి చెరువు చేపలు. పోయినవి వాగు చేపలు. ఒకటి రెండోదానికి బదులు కాదు.

ఈ ప్రాంతపు పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలంనాటిది. ఇన్ని వందల ఏళ్లు దాని చుట్టుపక్కల వాగుల్లో పరకను, కొర్రమీనును ఏ పథకమూ పుట్టించలేదు. కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నవాళ్లం, దాని పిల్లకు జానెడు జమ్ము మిగల్చలేమా?

మత్స్య సహకార సంఘాలకు, గ్రామసభలకు నా విన్నపం ఇదే. తొలి వరదకు కొన్నాళ్లు మావులు ఆపండి. ప్రతి వాగు మీద ఒక్క మడుగునైనా ఎండాకాలమంతా ముట్టకుండా వదలండి. చెరువు అంచున ఒక పక్క గడ్డి ఉంచండి. ఈ మూడింటికీ టెండర్లు అక్కర్లేదు, లారీలూ అక్కర్లేదు.