ఐపీ కాగితంలో ఇంటి ఖర్చు ఎవరు రాయాలి?

"ఐపీ పెట్టాడు" అనేది మన వైపు తిట్టు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కి అది పొట్టి పేరు. అప్పులు తీర్చే శక్తి లేదని సివిల్ కోర్టుకి చెప్పుకోవడానికి 1920 నాటి చట్టం ఇచ్చిన దారి అది. వీధిలో మాత్రం దానికి ఒకటే అర్థం, ఊరిని ముంచాడని. అందుకే ఆ దారి పట్టిన ఇంట్లో ముందు తలుపులు మూసుకుంటారు. తర్వాత సిగ్గుపడి ఇంటి ఖర్చు తగ్గించి రాస్తారు. నా గొడవంతా ఆ రెండో పని గురించే.

గుంటూరులో మా చెల్లెలి వాళ్ల బట్టల కొట్టు మూతపడింది. మా మరిది ఇప్పుడు వేరే కొట్లో 22 వేల జీతానికి చేస్తున్నాడు. చెల్లెలు జాకెట్లు కుట్టి ఓ 6 వేలు తెస్తుంది. ఇద్దరు పిల్లలు, అత్తగారు. అప్పుల జాబితా, ఆస్తుల జాబితా, నెల ఖర్చు రాసుకురమ్మన్నాడు ప్లీడరు. మొదటి రెండూ రాయడానికి మా మరిదికి వారం పట్టింది. మూడోది ఒక్క నిమిషంలో రాశాడు: 14 వేలు.

"ఎలా వచ్చిందయ్యా ఈ లెక్క?" అన్నాను.

"ఏదో సర్దుకుంటాం వదినా. ఎక్కువ రాస్తే దివాలా తీసినవాడికి ఈ దర్జాలేమిటంటారు."

మా చెల్లెలు పక్కనే నిలబడి ఉంది. ఆమెనెవరూ అడగలేదు.

ఆ కాగితాన్ని అప్పులవాళ్ల తరఫు ప్లీడరు కళ్లతో చూడండి. రాబడి 28 వేలు, ఖర్చు 14 వేలు. "నెలకి 14 వేలు మిగులుతుంటే తీర్చలేనంటావేం?" అని అడగడా? లేని డబ్బుకి జవాబు చెప్పుకోవాలి. పరువు కోసం రాసిన అంకె పరువు తీస్తుంది.

ఆ రోజు మేమిద్దరం పాల లెక్క రాసే క్యాలెండరు, మందుల చీటీలు, స్కూలు రసీదులు ముందేసుకుని కూర్చున్నాం. బియ్యం, పప్పులు, నూనె, పాలు, కూరగాయలు 8,800. అద్దె, గ్యాసు, కరెంటు 9,000. అత్తగారి షుగరు, బీపీ మాత్రలు 1,400. పిల్లల ఫీజులు, ఆటో 5,200. ఫోన్లు, పెట్రోలు 1,800. సబ్బులు, ప్యాడ్లు 900. అంతా కలిపితే 27,100.

ఇంకో వరస ఉంది, మగవాళ్ల లెక్కలోకి ఎప్పుడూ రాదు. ఏడాదికోసారి వచ్చేవి: జూన్‌లో పుస్తకాలు, వానాకాలం జ్వరాలు, పండక్కి పిల్లలకి చెరో జత, దగ్గరి వాళ్ల పెళ్లిలో చదివింపులు. పన్నెండుతో భాగిస్తే నెలకి 1,500. మొత్తం 28,600.

ఇందులో దర్జా ఎక్కడుందో చూపించండి.

"సర్దుకుంటాం" అనే మాట మీద నాకు కోపం. సర్దుకునేది ఎవరు? మాత్ర రోజు విడిచి రోజు వేసుకునే అత్తగారు. పొద్దున టిఫిను మానేసే కోడలు. అదీ చాలకపోతే డ్వాక్రా గ్రూపులోనో, వారం వారం వసూలుకొచ్చే మైక్రోఫైనాన్సు దగ్గరో ఇంకో అప్పు. ఈసారి ఆడమనిషి పేర. మొగుడి కాగితంలో తగ్గించిన ఖర్చు పెళ్లాం పేర అప్పై తిరిగొస్తుంది. దీన్ని పొదుపంటారా?

చట్టం మనల్ని పూర్తిగా మరిచిపోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, చేతివృత్తి పనిముట్లు, మతాచారం ప్రకారం స్త్రీ విడవకూడని నగలు జప్తు చేయకూడదు. ఐపీలోనూ అవి ఆస్తిలో కలవవు. మెడలో పుస్తెలు, పొయ్యి మీద గిన్నె గుర్తున్నాయి. గిన్నెలో ఏం ఉడకాలో చట్టం చెప్పలేదు.

జీతం సంగతీ అంతే. డిక్రీ కింద పట్టుకునేటప్పుడు మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు వదలాలి. 22 వేలలో 15 వేలు మనవి, 7 వేలు పోవచ్చు. ఇంట్లో ఇద్దరున్నా ఏడుగురున్నా అదే లెక్క! 1920 చట్టం 66వ సెక్షన్ మాత్రం దివాలా తీసినవాడి ఆస్తిలోంచి అతని కుటుంబ పోషణకి కోర్టు న్యాయమనిపించినంత ఇప్పించవచ్చంటుంది. ఎంత న్యాయమో జడ్జిగారికి తెలియాలంటే మనం రాసిన కాగితమే కదా ఆధారం? అక్కడా 14 వేలంటే ఇక చెప్పేదేముంది?

అమెరికాలో 2005లో దివాలా చట్టం మార్చినప్పుడు, రాబడి ఒక హద్దు దాటినవాళ్లకి తిండికీ బట్టకీ ఎంత ఖర్చు ఒప్పుకోవాలో కుటుంబంలో మనుషుల సంఖ్యని బట్టి పట్టిక వాడమన్నారు. దానిమీదా విమర్శలున్నాయి. అయినా నలుగురు తినే ఇంటికి ఇద్దరు తినే ఇంటికన్నా ఎక్కువ కావాలని ఒప్పుకున్నారు. మనకి 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరులో కంపెనీలకి హామీ ఉన్నవాళ్లకి మాత్రమే అమలు చేశారు. కొట్టు మూసేసిన మా మరిది లాంటివాళ్లకి ఇంకా వందేళ్ల కిందటి చట్టమే గతి. మన దగ్గరా అలాంటి పట్టిక ఉండాలి. అది వేసేటప్పుడు వంటింట్లో ఖర్చు చేసేవాళ్లని అడగాలి.

"మరి అప్పిచ్చినవాళ్లు మనుషులు కారా?" అంటారు. ముమ్మాటికీ మనుషులే. మా మరిది జాబితాలో కూతురి పెళ్లికని దాచిన 2 లక్షలిచ్చిన పక్కింటావిడ ఉంది. ఆవిడ ముఖం చూడలేక మా చెల్లెలు నీళ్ల పంపు దగ్గరకి చీకటితో వెళ్తోంది. అందుకే చెబుతున్నాను, ఎక్కువ రాయడమూ దొంగతనమే. బావమరిది పేర స్థలం రాసి ఐపీ పెట్టేవాళ్ల వల్లే ఆ మాట తిట్టయింది. అలా ఊరికే రాసిచ్చిన ఆస్తిని, రెండేళ్లు దాటకపోతే, కోర్టు రద్దు చేయగలదు. చేయాలి కూడా.

మేము 28,600 మీద మళ్లీ కూర్చున్నాం. చదివింపులు, ఒక ఫోను రీచార్జి, కొంత పెట్రోలు కొట్టేస్తే 1,600 తగ్గింది. మాత్రలు, ప్యాడ్లు, పాలు ముట్టుకోనివ్వలేదు నేను. 27 వేలు దగ్గర ఆగాం. మిగిలింది వెయ్యి.

"వెయ్యేనా వదినా, నవ్వుతారు" అన్నాడు మా మరిది.

నవ్వనీ. 14 వేలు ఇస్తానని రెండో నెలే చేతులెత్తేయడం కన్నా, నెల నెలా ఇవ్వగలిగే వెయ్యే పక్కింటావిడకి మర్యాద.

మీ ఇంట్లో గానీ, మీ వాళ్లింట్లో గానీ ఈ పరిస్థితి వస్తే రెండు పనులు చేయండి. ముందుగా, ఏ అప్పు పత్రం మీదైనా హామీగా మీ సంతకం ఉందేమో అడిగి తెలుసుకోండి. తర్వాత ఆ ఖర్చుల కాగితం మీ చేతిలోకి తీసుకోండి. ఏ డబ్బాలో ఎన్ని రోజులకి పప్పు అడుగంటుతుందో తెలిసిన మనిషే ఆ అంకె వేయాలి.