కామాల్లేని మూడు మాటలు

దారి తప్పిన కొలంబస్ తగిలించిన పేరు 'ఇండియో'. భారతదేశం చేరుకున్నానన్న ఆయన భ్రమ బొలీవియాలో శతాబ్దాల పాటు తిట్టుగా బతికింది. 1952 విప్లవం ఆదివాసులకు ఓటు ఇచ్చింది. మరుసటి ఏడాది భూసంస్కరణలొచ్చాయి. ఐమారా, కెచువా కూలీలు సర్కారు భాషలో 'కంపెసినో'లు, అంటే రైతులయ్యారు. తిట్టు పోయింది. దాంతోపాటే జాతి పేరూ కాగితాల్లోంచి జారిపోయింది.

అది తిరిగొచ్చింది. 2001 జనాభా లెక్కల్లో 15 ఏళ్లు దాటిన వారిలో 62 శాతం మంది ఆదివాసులమని చెప్పారు. 2005 డిసెంబర్‌లో ఐమారా కుటుంబంలో పుట్టిన కోకా రైతుల నేత ఎవో మొరేల్స్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 2009 రాజ్యాంగం 36 ఆదివాసీ భాషలకు స్పానిష్ సరసన అధికార హోదా ఇచ్చింది. ఆదివాసులను అందులో పేర్కొన్న తీరే విచిత్రం: 'ఇండిహెనా ఒరిహినారియో కంపెసినో'. మధ్యలో ఒక్క కామా లేదు. అచ్చుతప్పు కాదు, రాజీ. లోతట్టు అడవుల్లోని తెగలు మొదటి మాట కావాలన్నాయి, పీఠభూమిలోని సంప్రదాయ సముదాయాలు రెండోది, రైతు సంఘాలు మూడోది. కామా పెడితే ముగ్గురు, తీసేస్తే ఒక్కరు.

ఆ ఒక్కరు రెండేళ్లకే చీలిపోయారు. టిప్నిస్ జాతీయ పార్కు ఆదివాసుల సొంత భూభాగం కూడా. దాని గుండా ప్రభుత్వం తలపెట్టిన రోడ్డు కావాలని కోకా రైతులు, వద్దని అడవి తెగలు. లా పాజ్‌కు నడిచి బయల్దేరిన తెగల వారిని 2011 సెప్టెంబర్ 25న చపరీనా దగ్గర పోలీసులు చితకబాదారు. అధ్యక్ష భవనంలో ఉన్నది ఆదివాసి నేతే! రక్షణ మంత్రి నిరసనగా రాజీనామా చేశారు. పాదయాత్ర ఆగలేదు. అక్టోబర్‌లో లా పాజ్ చేరింది, రోడ్డును నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2017లో ఆ చట్టాన్నీ ఎత్తేశారు.

ఈలోగా 2012 లెక్కల్లో ఆదివాసులు 41 శాతానికి తగ్గారు. వాళ్లెక్కడికీ పోలేదు. 2001లో 'ఫలానా తెగ వారిగా భావిస్తున్నారా' అని అడిగితే, ఈసారి రాజ్యాంగంలోని ఆ పొడవాటి మాటతో 'చెందుతారా' అన్నారు. ఎల్ ఆల్టోలో దుకాణం నడుపుకునే ఐమారా యువతి 'కంపెసినో' అన్న గడిలో టిక్ పెట్టడానికి తటపటాయిస్తే ఆశ్చర్యమేముంది? 'మెస్టిజో', అంటే మిశ్రమ సంతతి, అన్న గడి రెండుసార్లూ లేదు.

2019 నవంబర్‌లో మొరేల్స్ గద్దె దిగినప్పుడు కొందరు పోలీసులు తమ యూనిఫాం మీది విఫాలాను, ఆదివాసుల రంగురంగుల గళ్ల జెండా గుర్తును, కత్తిరించి పారేశారు. ఎల్ ఆల్టో జనం అదే జెండా పట్టుకుని వీధుల్లోకి దిగారు. 2012లో వారిలో ఎందరు 'కాదు' అని రాయించుకున్నారో ఎవరూ అడగలేదు.