కూలినదానినే మళ్లీ కట్టడమా, కొత్తదానిని నిలపడమా?

ఒక పాత కట్టడం కూలిపోయినప్పుడు దానికి సంబంధించినవారి ముందు మూడు దారులు ఉంటాయి. ఉన్నది ఉన్నట్లుగా మళ్లీ కట్టడం, అదే స్థలంలో కాలానికి తగినదానిని నిర్మించడం, లేదా శిథిలాలు తొలగించి ఊరుకోవడం. కరీబియన్ సముద్రంలోని పోర్టోరికో ద్వీపంలో ఒక మహా శాస్త్ర పరికరం కూలిపోయినప్పుడు ఇదే ప్రశ్న తలెత్తింది. దానిని గురించి మనం కూడా కొంత ఆలోచించవలసి ఉంది.

అరెసిబో రేడియో టెలిస్కోపు 1963లో ప్రారంభమయింది. సున్నపురాతి కొండల నడుమ సహజంగా ఏర్పడిన ఒక లోతైన గుంటలో, 305 మీటర్ల వెడల్పు గల పెద్ద గిన్నె వంటి నిర్మాణాన్ని అమర్చారు. చుట్టూ నిలిపిన మూడు స్తంభాల నుండి ఉక్కు తాళ్లతో 900 టన్నుల వేదికను దానిపైన వేలాడదీశారు. ఆకాశం నుండి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలను ఆ గిన్నె పోగుచేసి పైకి మళ్లిస్తే, వేదికపై ఉన్న పరికరాలు అందుకునేవి. ఒకే గిన్నె గల టెలిస్కోపులలో అర్ధ శతాబ్దం పాటు దానిని మించినది లేదు.

అది మానవాళికి అందించిన జ్ఞానం సామాన్యమైనది కాదు. బుధగ్రహం తన చుట్టూ తాను తిరగడానికి 88 రోజులు పడుతుందని అంతవరకు భావించేవారు. అది 59 రోజులేనని 1965లో అరెసిబో తేల్చింది. 1974లో హల్స్, టేలర్ అనే శాస్త్రవేత్తలు జంటగా తిరిగే పల్సర్‌ను అక్కడే కనుగొని, 1993లో నోబెల్ బహుమతి పొందారు. మరో నక్షత్రం చుట్టూ గ్రహాలు తిరుగుతున్నాయని తొలిసారిగా నిర్ధారించిన 1992 నాటి పరిశోధనకూ ఆ టెలిస్కోపే ఆధారం.

అటువంటి నిర్మాణం ఒక్కరోజులో పతనం కాలేదు. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను ద్వీపాన్ని అతలాకుతలం చేసింది. 2020 ఆగస్టులో ఒక సహాయక తాడు తన బిగింపులో నుండి జారిపోయింది. నవంబరులో ఒక ప్రధాన తాడు తెగింది. తాను మోయగలదని లెక్కగట్టిన బరువు కన్నా తక్కువ బరువు మోస్తుండగానే అది తెగిపోయింది. డిసెంబరు 1న వేదిక మొత్తం గిన్నెపై కూలిపోయింది. ప్రమాదాన్ని ముందే గ్రహించి మనుషులను దూరంగా ఉంచినందువల్ల ప్రాణనష్టం జరగలేదు. తాళ్ల చివరలను పట్టి ఉంచే జింకు దీర్ఘకాలం పాటు మెల్లమెల్లగా సాగిపోయిందనీ, తుఫాను తర్వాత జరిపిన తనిఖీలలో తాళ్లు బయటకు జరిగిన జాడ కనిపించినా దానిని తగినంత తీవ్రంగా పరిగణించలేదనీ 2024లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక వెల్లడించింది.

టెలిస్కోపును మళ్లీ నిర్మించబోమని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2022లో ప్రకటించింది. ఆ స్థలాన్ని విజ్ఞాన విద్యాకేంద్రంగా మార్చాలని నిర్ణయించింది. ఈ నిర్ణయానికి కారణాలు లేకపోలేదు. నిధులు పరిమితమైనవి. చైనాలో 500 మీటర్ల వెడల్పు గల ‘ఫాస్ట్’ టెలిస్కోపు 2016లో పూర్తయింది. ఒకే పెద్ద గిన్నెకు బదులుగా అనేక చిన్న గిన్నెలను కలిపి పనిచేయించే పద్ధతి కూడా వృద్ధి చెందింది. మన దేశంలో పూణె సమీపాన 45 మీటర్ల వెడల్పు గల 30 గిన్నెలు ఆ విధంగానే పనిచేస్తున్నాయి.

అయితే అరెసిబో వినడమే కాదు, పలికేది కూడా. శక్తిమంతమైన రాడార్ తరంగాలను పంపి, గ్రహశకలాలను తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని అందుకునేది. భూమికి దగ్గరగా వచ్చే శకలం ఎంత దూరంలో ఉంది, ఏ ఆకారంలో ఉంది, ఏ దారిన పోతున్నదన్నది ఈ పద్ధతిలో ఎంతో కచ్చితంగా తెలిసేది. ఫాస్ట్‌ను ఆ విధంగా తరంగాలు పంపడానికి నిర్మించలేదు. అందువల్ల ఆ లోటు నేటికీ పూర్తిగా తీరలేదు.

ఇక్కడ మరొక ఉదాహరణను గుర్తుచేసుకోవాలి. అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో గ్రీన్ బ్యాంక్ వద్ద ఉన్న 91 మీటర్ల టెలిస్కోపు 1988 నవంబరులో ఇలాగే కూలిపోయింది. అక్కడ పాతదానికి నకలు కట్టలేదు; అంతకన్నా మెరుగైన, ఏ దిశకైనా తిప్పగల 100 మీటర్ల టెలిస్కోపును 2000లో నిలిపారు. దాని నిధుల కోసం పట్టుబట్టిన ఆ రాష్ట్ర సెనేటర్ రాబర్ట్ బర్డ్ పేరే దానికి పెట్టారు. పోర్టోరికో ప్రజలు అమెరికా పౌరులే. కాని సెనేట్‌లో వారికి ప్రతినిధి లేడు. దిగువ సభలో ఉన్న ఒక్క ప్రతినిధికి చట్టాలపై తుది ఓటు లేదు. ఇదొక్కటే కారణమని మేము అనము. అయితే నిధులు పంచే చోట గొంతు లేనివారి వాకిట కూలినది కూలినట్లే మిగిలిపోవడం సులభమని మాత్రం చెప్పక తప్పదు.

మా అభిప్రాయం స్పష్టం. పాత టెలిస్కోపును అచ్చంగా తిరిగి కట్టవలసిన అవసరం లేదు; 1960ల నాటి రూపానికి దాని పరిమితులు దానికి ఉన్నాయి. ఒకే వేదికపై వందలాది చిన్న గిన్నెలను దగ్గర దగ్గరగా అమర్చి, రాడార్ శక్తిని కూడా సమకూర్చాలని శాస్త్రవేత్తలు ఇప్పటికే ఒక ప్రతిపాదన చేశారు. అటువంటి కొత్త పరికరం ఆ స్థలంలోనే నిలవాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల గ్రహాలు అక్కడ దాదాపు నడినెత్తి మీదుగా సాగుతాయి. అరెసిబోను చూసి విజ్ఞానశాస్త్రం వైపు మళ్లిన ఆ ద్వీపపు యువతకు విద్యాకేంద్రం ఒక్కటే సరిపోదు. ఇతరుల పరిశోధనలను గురించి చదువుకోవడం వేరు, తమ ఊరిలో తామే పరిశోధించడం వేరు.

కాని ఒక షరతు ఉంది. కట్టడానికి ధనం కేటాయించిన రోజునే, దానిని కాపాడుకోవడానికి కావలసిన ధనాన్నీ కేటాయించాలి. ప్రారంభోత్సవానికి పెద్దలందరూ వస్తారు. తాళ్లను తనిఖీ చేసే రోజున ఎవరూ రారు. వంతెనైనా, బడి కప్పైనా, చెరువు గట్టైనా నిలిచేది ఆ రెండవ రోజున చూపిన శ్రద్ధ వల్లనే.