పలకని అక్షరాలూ, పాత బగ్గులూ

ఫ్రెంచి నేర్చుకునేవాళ్లు ముందుగా తిట్టుకునేది దాని స్పెల్లింగునే. రాసేది బారెడు, పలికేది బెత్తెడు. "అదంతా వారసత్వమండీ, ముట్టుకోకూడదు" అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది.

ఎందుకంటే, పాత ఫ్రెంచిలో రాత ఉచ్చారణకి ఇప్పటికంటే చాలా దగ్గరగా ఉండేది. 14వ శతాబ్దం నుంచి 16 దాకా, మధ్య ఫ్రెంచి అనే దశలో, కోర్టు గుమాస్తాలూ లాటిన్ పండితులూ కలిసి మాటలకి బోలెడు అక్షరాలు తగిలించారు. ఉదాహరణకి చేతివేలిని 'ద్వా' అంటారు. లాటిన్ మూలం 'దిగితుస్'లో జి ఉంది కాబట్టి, ఎవరూ పలకని జి ఒకటి ఇందులోకీ వచ్చి కూర్చుంది. సరే, దీన్ని ప్రోగ్రాములో రాసే కామెంటు అనుకుందాం. మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుంది, నష్టం లేదు.

కొన్ని అక్షరాలు ప్యాచ్‌లు. ఎనిమిదిని 'ఉయిత్' అంటారు. అప్పట్లో యు, వి రెండూ ఒకటే అక్షరం. దాన్ని 'విత్' అని చదువుతారేమోనని లేఖకులు ముందు ఒక హెచ్ పెట్టారు. తర్వాత యు, వి విడిపోయాయి. హెచ్ మాత్రం అలాగే ఉంది. బగ్గు పోయినా ప్యాచ్ పోలేదన్నమాట!

ఇక అచ్చమైన తప్పులు. బరువుని 'ప్వా' అంటారు. అది లాటిన్ 'పొందుస్' నుంచి వచ్చిందనుకుని ఒక డి ఇరికించారు. నిజానికి వచ్చింది 'పెన్సుమ్' నుంచి. అందులో డి లేనే లేదు. ఆ పొరపాటుని పిల్లలు ఇవాళ్టికీ బట్టీపడుతున్నారు.

అప్పుడే అడిగినవాడూ లేకపోలేదు. లూయీ మెగ్రే 1550లో ఫ్రెంచి వ్యాకరణాన్ని ఫ్రెంచిలోనే, పలికినట్టే రాసి అచ్చువేయించాడు. అంత మార్పు జనానికి రుచించలేదు. 1694లో ఫ్రెంచి అకాడమీ తొలి నిఘంటువు పాత రాతకే ఓటేసింది. కానీ అదే అకాడమీ 1740 కూర్పులో వేల మాటల స్పెల్లింగు మార్చింది. భాషేమీ మునిగిపోలేదు.

1990 సంస్కరణల్లో కలువపువ్వు 'నెన్యుఫార్'ని ఎఫ్‌తో రాయొచ్చన్నారు. 2016లో పాఠ్యపుస్తకాలు ఈ కొత్త రాతలకి మారబోతుంటే పెద్ద గోల, వారసత్వం పోతోందని. ఇంతకీ అది పర్షియన్, అరబిక్‌ల మీదుగా వచ్చిన మాట. అకాడమీ నిఘంటువులో అంతకుముందు ఉన్నది ఎఫ్‌నే. గ్రీకు వేషం లాంటి 'పిహెచ్' వచ్చింది 1935 నాటి కూర్పులో. అంటే 1990 నాటికి ఆ 'వారసత్వం' వయసు 55 ఏళ్లు!

మెగ్రేలా అంతా తిరగరాయమని నేననను. నడుస్తున్న కోడ్‌ని మొత్తం తిరగరాస్తే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. కానీ ఒక్కో అక్షరాన్నీ "నువ్వెందుకున్నావ్?" అని అడగడం తప్పు కాదు. జవాబు చెప్పగలిగింది ఉండనివ్వండి. 'ప్వా'లో డి లాంటిదాన్ని మాత్రం సాగనంపాల్సిందే. తప్పుడు కామెంటు కంటే కామెంటు లేకపోవడమే నయం కదా. ఏమంటారు?