సంతకం పెట్టాడుగా!

"సంతకం పెట్టాడుగా! ఇక ఏడవడం దేనికీ?" అన్నారు మా బాబాయిగారు, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

ఆయన ముప్ఫై అయిదేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయిన మనిషి. ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు. చదివి సంతకం పెట్టేవాళ్లు, పెట్టాక చదువుకుని ఏడ్చేవాళ్లు. మొదటి రకంలో తనొక్కడే మిగిలానని ఆయన నమ్మకం.

సంగతేమిటంటే, మా అన్నయ్య కొడుకు పాటలు పాడతాడు. తనే రాసుకుంటాడు, తనే బాణీ కట్టుకుంటాడు. వాడి పాటలన్నీ కలిపి విడుదల చేస్తామని ఒక కంపెనీవాళ్లు పద్నాలుగు పేజీల ఒప్పందం పంపారు. "అత్తా, నువ్వు నవలలు రాస్తావు కదా, కాస్త ఇది చదివిపెట్టు" అని నా ఒళ్లో పడేశాడు. నవలలు రాసేవాళ్లకి ఒప్పందాలు అర్థమవుతాయని వీడికెవరు చెప్పారో! అదే నిజమైతే, నా మొదటి నవల హక్కులు ఒక ప్రచురణకర్తకి ఆనందబాష్పాలతో, చదవకుండా రాసిచ్చేసి ఉండేదాన్నా? ఆ నవల కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా నాకా సంగతి పుస్తకాల షాపులో తెలుస్తుంది. డబ్బిచ్చి ఒక కాపీ కొనుక్కుని వస్తాను.

సరే, చదివాను. ఆరో పేజీలో ఉంది అసలు మాట. ఈ పాటల మీద సర్వహక్కులూ, ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అయిన అన్ని సాధనాలలోనూ, విశ్వమంతటా, శాశ్వతంగా కంపెనీవేనట! విశ్వమంతటా అంటే మాటలా? రేపు ఏ చంద్రమండలంలోనో ఎవరైనా కూనిరాగం తీసినా పైకం వీళ్లకే చెల్లాలన్నమాట.

అప్పుడు నేను వాడికి జాన్ ఫోగర్టీ కథ చెప్పాను. అది విని బాబాయిగారు విసిరిన మాటే పైన రాసింది. ఆ కథ మీకూ చెప్తాను. విన్నాక తీర్పు మీరే చెప్పండి.

ఫోగర్టీ 1945లో పుట్టాడు. కాలిఫోర్నియాలో ఎల్ సెరిటో అనే ఊళ్లో పెరిగాడు. అన్న టామ్, బడిలో చదువుకున్న స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్, తను - నలుగురూ కలిసి ఒక రాక్ బృందం పెట్టుకున్నారు. దానికి చివరికి స్థిరపడ్డ పేరు క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్. వీళ్ల రికార్డులు వేసే కంపెనీ పేరు ఫాంటసీ. దాన్ని 1967లో సాల్ జాంట్స్ అనే ఆయన భాగస్వాములతో కలిసి కొన్నాడు. 1968లో ఆయన ముందు పెట్టిన కాగితం మీద నలుగురూ సంతకాలు చేశారు. ఏడాదికి ఇన్ని పాటలు ఇవ్వాలి. ఆ పాటల హక్కులు కంపెనీవి. అప్పటికి ఫోగర్టీకి ఇరవై మూడేళ్లు కూడా సరిగా లేవు. సైన్యపు రిజర్వు కొలువులోంచి బయటపడుతున్న కుర్రాడు. వాడికి కావలసింది రికార్డు మీద తన గొంతు. అది దొరుకుతుందంటే కాగితంలో ఏముందని చూస్తాడా?

తరువాత నాలుగేళ్లలో ఏడు ఆల్బమ్‌లు చేశారు. ఒక్క 1969లోనే మూడు! 'ప్రౌడ్ మేరీ' లాంటి అయిదు రికార్డులు అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టీలో రెండో స్థానందాకా ఎగబాకాయి. పాటలు దాదాపు అన్నీ ఫోగర్టీ రాసినవే. పాడింది అతనే, బాణీ అతనిదే. కంపెనీకి కనకవర్షం కురిసింది.

1972లో బృందం విడిపోయింది. కాగితం మాత్రం విడిపోలేదు! మిగతావాళ్లని కంపెనీ వదిలేసింది. ఫోగర్టీని వదల్లేదు. పాలిచ్చే గేదెని ఎవరు వదులుకుంటారు చెప్పండి? ఇంకా ఇన్ని పాటలు బాకీ అన్నారు. 1973లో అతను ఒంటరిగా ఒక ఆల్బమ్ చేశాడు. వాయిద్యాలన్నీ తనే వాయించుకున్నాడు. కానీ అందులో తన సొంత పాట ఒక్కటీ లేదు, అన్నీ పరాయి పాటలు. అట్టమీద తన పేరు కూడా పెట్టుకోకుండా ఏదో బృందం పేరు పెట్టాడు. ఎందుకలా చేశాడంటారా? పండిన గింజ ఎవరి గాదెకి పోతుందో తెలిసిన కౌలు రైతుని అడగండి, చెప్తాడు.

తర్వాత ఎసైలమ్ అనే మరో కంపెనీ ఫాంటసీకి పైకం ముట్టజెప్పి అతన్ని తీసుకుంది. 1975లో ఒక ఆల్బమ్ వచ్చింది. 1976లో 'హూడూ' అని ఇంకొకటి తయారైంది. అట్ట కూడా అచ్చయింది. అప్పుడు కంపెనీ పెద్దలు "ఇది బాగాలేదు, విడుదల చెయ్యొద్దు" అన్నారు. ఇక్కడ నేను నిజం దాచను. వాళ్లు చెప్పింది సబబేనని ఫోగర్టీ కూడా ఒప్పుకున్నాడు. ఆ టేపుల్ని నాశనం చెయ్యమని తర్వాత తనే చెప్పాడు.

"చూశావా! సరుకు అయిపోయింది. దానికి కంపెనీ ఏం చేస్తుంది?" అన్నారు బాబాయిగారు ఇక్కడ.

సరుకు అయిపోయిందా? నాలుగేళ్లలో ఏడు ఆల్బమ్‌లు పండించిన నేల హఠాత్తుగా చవుడు తేలిపోయిందంటే నీళ్లు ఎక్కడ ఆగాయో చూడొద్దూ? వకీళ్లతో, లెక్కలవాళ్లతో పొద్దుగూకులూ తగువులాడే మనిషికి బాణీలు తోస్తాయా? పొయ్యిమీద పాలు పొంగుతుంటేనే నాకు వాక్యం తెగిపోతుంది. అతనికి బతుకే పొంగిపోతోంది. బృందం దాచుకున్న డబ్బు బహామాస్ దీవుల్లో ఒక బ్యాంకులో పెడితే అదీ మునిగింది. చివరికి 1980 ప్రాంతంలో, ఫాంటసీ పట్టులోంచి పూర్తిగా బయటపడ్డానికి, ఆ పాత రికార్డుల మీద తనకి గాయకుడిగా రావలసిన రాయల్టీలనే వదులుకున్నాడు. సంకెల తీయించుకోడానికి చేతికున్న కంకణం ఇచ్చేశాడన్నమాట.

1975 తర్వాత అతని ఆల్బమ్ మళ్లీ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1985లో! పదేళ్లు. ముప్ఫయ్యో ఏటినించీ నలభయ్యో ఏటిదాకా. గాయకుడికి గొంతు నిండుగా ఉండే వయసు. ఆ పదేళ్లూ అభిమానులు "మొండివాడు, బద్ధకస్తుడు, గర్విష్ఠి" అనుకున్నారు. కళాకారుడు మౌనంగా ఉంటే మనకి వెంటనే అతని స్వభావం గుర్తొస్తుంది గానీ అతను పెట్టిన సంతకం గుర్తురాదు.

1985లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు 'సెంటర్‌ఫీల్డ్'. వార్నర్ వాళ్లు వేశారు. మళ్లీ వాయిద్యాలన్నీ అతనివే. ఈసారి పాటలూ అతనివే. అమ్మకాల్లో మొదటి స్థానం! కథ సుఖాంతం అనుకుంటున్నారా? అసలు నవ్వు ఇక్కడుంది. అందులో ఒక పాట, 1970లో తమ కోసం ఫోగర్టీ పాడిన 'రన్ త్రూ ద జంగిల్' లాగే ఉందని ఫాంటసీవాళ్లు దావా వేశారు! అంటే ఫోగర్టీ పాటని ఫోగర్టీ దొంగిలించాడని అభియోగం. మా ఇంట్లో పుట్టిన పిల్లకి నా ముక్కే వచ్చిందని పక్కింటావిడ నామీద కేసు పెట్టినట్టుంది!

1988లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో ఆ మనిషి గిటారు పట్టుకుని బోనులోకి వెళ్లాడు. తన పాటలు ఎలా పుడతాయో జ్యూరీకి వాయించి చూపించాడు. తన గొంతు తనదేనని నిరూపించుకున్నాడు. గెలిచాడు. కానీ గెలిచినందుకు వకీళ్ల ఖర్చు తలకి చుట్టుకుంది. దానికోసం సుప్రీంకోర్టుదాకా వెళ్లాల్సివచ్చింది. దావా వేసినవాడు గెలిచినా, ఎదుర్కొన్నవాడు గెలిచినా ఖర్చుల విషయంలో ఒకే కొలత ఉండాలని 1994లో ఆ కోర్టు చెప్పాక, చివరికి 13 లక్షల డాలర్ల పైచిలుకు చేతికొచ్చాయి.

అతను సాధుపుంగవుడని నేననను. బృందంలో తన మాటే నెగ్గాలనే రకం. అదే ఆల్బమ్‌లో జాంట్స్‌ని పేరు వంకరగా పెట్టి ఎత్తిపొడుస్తూ ఒక పాట కట్టి పరువునష్టం దావా తెచ్చుకున్నాడు. పేరు మార్చి రాజీపడ్డాడు. సొంత అన్న టామ్ కంపెనీ పక్షాన నిలిచాడని మాటలు మానేశాడు. 1990లో టామ్ చనిపోయేనాటికి కూడా ఆ అన్నదమ్ములు మనస్ఫూర్తిగా కలవలేదు. పాటల లెక్కలు కోర్టులో తేలుతాయి. ఇలాంటి లెక్కలు ఏ కోర్టులో తేలుతాయి?

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. ఏళ్ల తరబడి అతను తన పాత పాటలు వేదిక మీద పాడలేదు. పాడితే కంపెనీకి డబ్బు పోతుందని, తన పాటకి తనే వెలివేసుకున్నాడు. ఇలాగే ఊరుకుంటే 'ప్రౌడ్ మేరీ' టీనా టర్నర్ పాట అనుకుంటారు జనం అని 1987లో బాబ్ డిలన్ హెచ్చరించాడట. ఆ ఏడే జులై 4న, వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన సైనికుల కోసం వాషింగ్టన్ దగ్గర జరిగిన కచేరీలో మళ్లీ ఆ పాటలు ఎత్తుకున్నాడు.

ఇప్పుడు బాబాయిగారి మాటకి వద్దాం. సంతకం పెట్టాడుగా!

పెట్టాడు. కంపెనీ డబ్బు పెట్టింది, నష్టపోయే ప్రమాదం నెత్తినేసుకుంది, లాభం తీసుకోనివ్వండి. పెట్టుబడికి పదింతలు తీసుకున్నా నాకు పేచీ లేదు. నా పేచీ 'శాశ్వతంగా' అనే ఒక్క మాటతోనే.

"బాబాయ్‌గారూ, మీ బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నవాడు వాయిదాలన్నీ కట్టేస్తే, ఇంటి కాగితాలు తిరిగిచ్చేవారా, ఉంచేసుకునేవారా?"

"ఎందుకుంచుకుంటాం? ఇచ్చేస్తాం."

"వాడూ సంతకం పెట్టాడుగా!"

ఆయన కాఫీ గ్లాసులోకి చూశారు. అందులో కాఫీ లేదు.

అప్పుకి గడువుంది. కౌలుకి గడువుంది. అద్దెకి గడువుంది. ఇరవై రెండేళ్లవాడు అవసరంలో పెట్టిన సంతకానికి మాత్రం గడువు లేదా? పైగా ఒప్పందం అనేది ఇద్దరు సమానుల మధ్య మాట అంటారు. ఒకడికి ఇది పోతే ఇంకొకటి. రెండోవాడికి ఇది పోతే బతుకే పోయినట్టు. ఇందులో సమానం ఎక్కడుందో నాకు చూపించండి.

2004లో ఫాంటసీని కాంకర్డ్ అనే కంపెనీ కొనుక్కుంది. కొత్త యజమానులు ఫోగర్టీకి పోయిన రాయల్టీలు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. మంచివాళ్లే. కానీ యజమాని మారితే దొరికి, మారకపోతే దొరకని దాన్ని న్యాయం అంటామా? అదృష్టం అంటాం. 2023 జనవరిలో, తన డెబ్భై ఏడో ఏట, ఆ పాటల ప్రచురణ హక్కుల్లో అధిక భాగం అతను కొనుక్కున్నాడు. చూశారా, కొనుక్కున్నాడు! పాత రికార్డింగులు అప్పటికీ కంపెనీ దగ్గరే ఉన్నాయి. 2025లో, ఎనభై ఏళ్లు నిండాక, ఆ పాత పాటలే కొడుకుల్ని వెంటబెట్టుకుని మళ్లీ పాడి విడుదల చేశాడు. నా పుస్తకాన్ని షాపులో కొనుక్కునే నాకు ఈ వార్త చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మన దేశంలో చట్టం కాస్త కళ్లు తెరిచింది. 2012లో కాపీరైటు చట్టానికి సవరణ వచ్చింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దానికోసం గట్టిగా పట్టుబట్టారు. పాట రాసినవాడూ, బాణీ కట్టినవాడూ హక్కులు అమ్మేసినా, రాయల్టీలో సమాన భాగాన్ని కంపెనీకి రాసివ్వడానికి వీల్లేదిప్పుడు. ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లే అని అదే చట్టంలో ఇంకోచోట ఉంది. అందుకే కాబోలు, వీళ్లు మరిచిపోకుండా 'శాశ్వతంగా' అని రాస్తున్నారు! చట్టం తలుపు తీస్తే, ఈ మాట దాన్ని మళ్లీ మూస్తోంది.

ఇదంతా విని మావాడు, "మరి నేను ఒప్పుకోనంటే వాళ్లు పొమ్మంటే, అత్తా?" అన్నాడు.

అదీ అసలు ప్రశ్న. పొమ్మనొచ్చు. వాడి ఆల్బమ్ ఏడాది ఆలస్యం కావచ్చు, అసలు రాకపోవచ్చు. నాకు ధైర్యం చెప్పే అర్హత కూడా లేదు. వాడి వయసులో నేను పెట్టేశాను. "ఏడాది ఆలస్యమైతే అవనీరా, పదేళ్లు కాకుండా ఉంటుంది" అని మాత్రం అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

బాబాయిగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, "ఇలా తే" అని కాగితాలు లాక్కున్నారు. ఆరో పేజీ తీసి, జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీసి, 'శాశ్వతంగా' మీద అడ్డంగా గీత కొట్టి పక్కన 'అయిదేళ్లు' అని రాశారు. 'విశ్వమంతటా' మీద కూడా ఓ గీత కొట్టి, "చంద్రమండలం సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు.

కాగితాలు వెనక్కి పంపి పద్దెనిమిది రోజులైంది. ఇంకా జవాబు రాలేదు. మావాడు గిటారు ముట్టుకోవడం లేదు. నేను రోజూ ఫోను మోగితే ముందు పరిగెడుతున్నాను.